బండి మొహానికి నూనె రాసినవాడు

డ్రైవరు బావ పోయాడన్న మాట నాకు డుంబ్రిగుడ సంతలో తెలిసింది. పసుపు కొమ్ముల కుప్ప ముందు గొంతుక్కూచుని బేరమాడుతున్నాను. అరకు స్టాండులో జీపు తోలే అబ్బాయి ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "తాతా, మీ బావ పొద్దున్నే పోనాడు. నీళ్ళ సెంబు పట్టుకుని అరుగు మీద కూకున్నోడు కూకున్నట్టే వాలిపోనాడు" అన్నాడు. నా పక్కన మా అమ్మాయి చెరకు ముక్క నములుతోంది. "ఏ మావ నాన్నా? మన మావేనా?" అంది. అవునన్నాను. అది నోట్లో చెరకు పిప్పి ఊసి, నా చెయ్యి పట్టుకుని లాగింది. "మరేటి కూకున్నావు? బేగి పద" అంది.

చదివే అయ్యలకీ అమ్మలకీ ఒక మాట ముందే చెప్పుకోవాలి. నేను ఏడో క్లాసులో బడి మానేసి కాఫీ తోటలో పనికి పోయినవాణ్ణి. పోయినవాళ్ళ గురించి ఎలా రాయాలో నాకు తెలీదు. ఏడుస్తూ రాయాలేమో. నాకైతే ఆయన్ని తలుచుకుంటే ముందు నవ్వొస్తోంది, తరవాతే కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి. తప్పనుకోకండి. జుట్టంతా నెరిశాక తండ్రినైనవాణ్ణి. ఇంట్లో ఒక ఆడపిల్ల గుంట గెంతుతూ తిరుగుతుంటే దాని వెనకాల పరిగెత్తలేక ఆయాసపడుతూ సంతోషపడేవాణ్ణి. ఈ సంతోషం నాకు దేవుడిచ్చాడు, నిజమే. కానీ దాన్ని మా ఇంటిదాకా మోసుకొచ్చింది మాత్రం డ్రైవరు బావ.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా కొండవాడే కాదు. శృంగవరపుకోట అవతల పల్లం ఊరు. అరకులో ఉన్న చిన్న మిషను ఆసుపత్రికి జీపు డ్రైవరుగా ఘాటీ ఎక్కి వచ్చాడు, మరి దిగలేదు. వారానికోసారి నర్సమ్మని కూచోబెట్టుకుని మా గూడేనికి వచ్చేవాడు. ఒకనాడు మా ఇంటిది ఆయనకి చోడి అంబలి, అదే రాగిపిండి జావ, పోసింది. ఆయన గటగటా తాగి, మూతి తుడుచుకుని, "నాకు సెల్లెలు లేదు. నువ్వుండు" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆవిడ ఆయనకి చెల్లెలు, నేను బావ, ఆయన నాకు బావ. ఇంత తొందరగా కుదిరిన చుట్టరికం నేనెక్కడా చూడలేదు. ఇంత గట్టిగా నిలిచింది కూడా చూడలేదు.

ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. గూడేనికి రాగానే బండిని వెనక్కి తిప్పి, మొహం ఆసుపత్రి వైపు పెట్టి ఆపేవాడు. తిప్పడానికి జాగా లేకపోయినా, రాళ్ళు పక్కకి తీయించైనా తిప్పేవాడు. "ఎళ్ళాల్సొచ్చినప్పుడు తిప్పుకుంటూ కూకుంటామేటి?" అనేవాడు. ఇంట్లోకి పిలిస్తే వచ్చేవాడు కాదు, గడప మీదే కూచునేవాడు, బండి కనపడాలి ఆయనకి. దానితో మాట్లాడేవాడు కూడా. గెడ్డలో, అదే మా కొండ వాగులో, దాన్ని కడుగుతూ, "అలగ సూడకు, సెవులు కూడా తోమాల" అంటుంటే మా గూడెం ఆడవాళ్ళు నవ్వలేక చచ్చేవాళ్ళు. సొంత ఇల్లాలి సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం ఏదో బోల్టు బిగించాలని బండి కింద దూరేవాడు. ఆవిడ కాన్పులో పోయిందని నర్సమ్మ ఒకసారి మా ఇంటిదానికి చెప్పింది. మేమెప్పుడూ ఆయన్ని అడగలేదు.

ఆ జీపు గురించి చెప్పాలి. నాలుగు చక్రాలూ లాగే ఎత్తయిన బండి అది. పట్నంలో ఎవరో దొరలు వాడి వాడి ఆసుపత్రికి దానమిచ్చారు. రాళ్ళలో, బురదలో, గెడ్డలో ఎక్కడికైనా పోయేది. ఒళ్ళంతా తెలుపు. ముందూ వెనకా బంపర్లు, చక్రాల మీద వంపులు, తలుపుల కింద పట్టీలు, అద్దాల డిప్పలు, ఇవన్నీ నల్ల ప్లాస్టిక్కు. నల్ల ప్లాస్టిక్కు అని ఆయన చెప్తే నమ్మాలి, అంతే. నేను చూసేనాటికి అవి బూడిద గుమ్మడికాయల్లా తెల్లగా పొడి పట్టి ఉండేవి. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి నలుపంతా పోయింది. ఆసుపత్రికి షెడ్డు లేదు మరి. ఇంజను మాత్రం రాయి. ఆయనే విప్పి, ఆయనే బిగించి, పసిబిడ్డలా చూసుకున్నాడు. బండి ఎవరైనా ఎక్కితే వంక పెట్టలేరు. బయటి నుంచి చూసినవాళ్ళు మాత్రం "అయ్యో, ఇది నడుస్తాదా?" అనేవాళ్ళు.

అప్పటికి మా ఇంటిదానికి నలభై దగ్గర పడుతోంది. ముందు రెండుసార్లు కడుపు పండింది మాకు. రెండుసార్లూ వానాకాలమే. రెండుసార్లూ డోలీ కట్టి, మనుషులు భుజాలు మార్చుకుంటూ కొండ దించారు. మొదటి బిడ్డ దారిలోనే పోయాడు. రెండో బిడ్డ ఆసుపత్రి గుమ్మం చూసి పోయింది. ఇంక పుట్టరనుకుని, మాకు మేమే సర్దిచెప్పుకుని, ఆవునీ దూడనీ చూసుకుంటూ బతుకుతున్నాం. అలాంటిది మళ్ళీ నెల తప్పింది. నర్సమ్మ లెక్క చూసి శ్రావణంలో కాన్పు అంది. శ్రావణం అంటే మా దగ్గర గెడ్డ పొంగే నెల. మా ఇంటిది తల దించుకుని చోళ్ళు చెరుగుతోంది. నేను ఆవు తాడు సర్దడానికి లేచాను. గడప మీద కూచున్న డ్రైవరు బావ మాత్రం, "మరేటి బయ్యం? డోలీ మాటెత్తితే ఒప్పుకోను. నా బండి లేదేటి?" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ వారం మేమిద్దరం కడుపునిండా తిన్నాం.

ఎండాకాలం మధ్యలో వచ్చింది కబురు. విశాఖపట్నం నుంచి ఆసుపత్రి కమిటీ వాళ్ళు వస్తున్నారు, పాత జీపుని చూసి, పనికిరాదనుకుంటే కిందకి తీసుకుపోతారు. కొత్త బండి ఎప్పుడిస్తారంటే చెప్పలేరు. కమిటీ పెద్దాయన కిందటేడు వచ్చినప్పుడు వరండాలో నిలబడి దూరం నుంచే బండిని చూసి, "ఇంత ముసలి బండిలో రోగుల్ని ఎక్కిస్తున్నారా? దారిలో ఆగిపోతే ప్రాణాలకెవరు పూచీ?" అన్నాడట. ఆయన చెడ్డవాడు కాదు, మనుషుల కోసమే అన్నాడు. కానీ ఆయన ఆ మాట మళ్ళీ అంటే, శ్రావణంలో మాకు డోలీయే.

ఆ వారం డ్రైవరు బావ మా గూడేనికి వచ్చి అంబలి ముట్టలేదు. బండి ముందు గొంతుక్కూచుని బంపరు మీద వేలితో గీస్తున్నాడు. వేలికి తెల్లటి పొడి అంటుతోంది.

"ఇంజను సూపించు బావా, కమిటీ ఆయనకి" అన్నాను.

"మూత ఎత్తితే గదా ఇంజను సూడ్డం. ఈ మొహం సూసి ఆయన మెట్లు కూడా దిగడు. నువ్వైతే దిగుతావేటి? కిరసనాయిలు పోసి తుడిసినాను. తడున్నంతసేపూ నలుపు. ఆరితే మళ్ళీ ముసిలిదే. నల్ల రంగేస్తే పెచ్చులూడిపోయి గజ్జికుక్కలాగ అయిపోనాది. గీకి తీసినాను."

మా ఇంటిది అప్పుడే తలకి నూనె పెట్టుకుంటోంది. మా వలిసె నూనే, మా పొలంలో పండిన వలిసెలు గానుగాడించింది. కూరలోకీ అదే, తలకీ అదే. అన్నగారు అంబలి తాగలేదని చూసి అరుగు దిగి వచ్చింది. బరువు మనిషి, ఆయాసం వచ్చి ముందు చక్రం మీద ప్లాస్టిక్కు వంపుకి చెయ్యానించి నిలబడింది. "ఏటన్నయ్యా, బండి మీద అలిగి నా అంబలి మానేత్తావా?" అంది. ఆయన లేచి ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యి తీసింది.

అయ్యలారా, నేను చెప్పేది నమ్మండి. ఆ తెల్లటి పొడి వంపు మీద అయిదు వేళ్ళూ, అరచెయ్యీ, అచ్చు గుద్దినట్టు నల్లగా! కాకి రెక్క నలుపు. మా ఇంటిది భయపడి, "ఓలమ్మో, పాడు సేసీసేనేటి?" అని చెంగుతో తుడవబోయింది.

"ముట్టుకోకు! ముట్టుకోకే సెల్లీ!" అని ఆయన కేకేశాడు. కిందకి వంగి ఆ చేతి ముద్రని వాసన చూశాడు. గోటితో గీశాడు. పొడి రాలేదు. కాసేపు ఎండలో వదిలేసి మళ్ళీ చూశాడు, నలుపు అలాగే ఉంది. ఆయన మొహం చూడాలి అప్పుడు! "బావా, నలుపు ఎక్కడికీ పోలేదురా. దాహం ఏసి లోపలికి పోయి కూకుందంతే" అన్నాడు. అంబలి రెండు లోటాలు తాగాడు.

ఇంక మా తొందర చూడండి. కమిటీ వచ్చేది మూడు రోజులుందనగా ఆయన బండి తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. ఇంట్లో ఉన్న నూనె కుండంతా దించాం. మేము కొండవాళ్ళం, ఇష్టమైనవాళ్ళకి నూనె రాస్తే కారేదాకా రాస్తాం, పసిబిడ్డకైనా పెళ్ళికొడుక్కైనా. బండికీ అలాగే రాశాం. బంపర్లకీ వంపులకీ చేతుల్తోనే పామేశాం. కారుతోంది. నిగనిగలాడుతోంది. "బాగా పట్టాల, మధ్యాన్నం దాకా వదిలీ" అనుకుని ఇద్దరం లోపలికెళ్ళి తిండి తిని, నడుం వాల్చాం.

వాకిట్లో చప్పుడైతే లేచి చూద్దుం కదా, మా ఆవు! వలిసెలాడించాక వచ్చే చెక్కని మేము ఆవులకే పెడతాం. దానికి ఆ వాసనంటే ప్రాణం. తాడు తెంపుకొచ్చి ముందు బంపరుని ఆ చివర నుంచి ఈ చివర దాకా నాకేసింది. కళ్ళు మూసుకుని, తోకూపుకుంటూ, ఎంత ప్రేమగా నాకుతోందో! దూడ వెనక బంపరు దగ్గరుంది. అది కొత్తగా మేత నేర్చింది, బంపరు మూలని చీకుతోంది. నూనె అంటుకున్న మిగతా చోట్లన్నీ ఘాటీ మీంచి వచ్చిన ఎర్ర దుమ్ము పట్టి, జీపు పసుపు రాసుకున్న పెళ్ళికూతురిలా ఉంది.

ఆవుని అదిలించబోయాను. డ్రైవరు బావ కోప్పడతాడు, చెల్లెలి మొహం చూసైనా ఊరుకుంటాడో లేదో అనుకుంటున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఆవుని చూశాడు, బండిని చూశాడు. "మీ ఆవుకి ఉన్న శ్రద్ధ మన కమిటీకుంటే ఎంత బాగున్నురా బావా. దగ్గరికొచ్చి మూల మూలా సూత్తంది" అన్నాడు. అని నవ్వు మొదలెట్టాడు. వాకిట్లో కూలబడి, పొట్ట పట్టుకుని, నేలని కొట్టి కొట్టి నవ్వాడు. మా ఇంటిది నవ్వి నవ్వి నడుం పట్టుకుని, "నన్ను నవ్వించకన్నయ్యా, ఈ పూటే కనేసేలాగున్నాను" అంది.

నవ్వడం అయ్యాక పని మొదలైంది. అప్పుడు మేము తెలుసుకున్నది ఇది. ముందు సబ్బు నీళ్ళు పెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో సందులన్నీ తోమాలి, ఆవు నాలుక జిగురుతో సహా. ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి, సందుల్లో చెమ్మ ఉండకూడదు. నూనె కాస్త వెచ్చబెట్టి, గుడ్డ ముంచి, పిండేసి, పిండినంత పిండేసి, అప్పుడు పల్చగా పట్టించాలి. కాసేపు ఆగాలి. ఆ తరవాతే అసలు పని. పొడిగుడ్డతో మళ్ళీ తుడిచెయ్యాలి. చెయ్యి పెడితే చేతికి అంటకూడదు. ఇంత కష్టపడి రాసింది తుడిచెయ్యడమేంటని నాకు మనసొప్పలేదు. ఆయన నా చేతిలోంచి గుడ్డ లాక్కున్నాడు. "తాగినంత తాగనీ. మిగిలింది తుడిసీ. మిగిలిందానికే కదరా దుమ్మంటేది, ఆవులొచ్చేది" అన్నాడు.

ఈ మాట ఆయన తరవాత ఎన్నిసార్లు అన్నాడో. మా తమ్ముడి కొడుకు పెళ్ళాంతో తగువాడి వస్తే వాడికి ఇదే చెప్పాడు. నేను పిల్లని మరీ గారాబం చేస్తుంటే నాకూ ఇదే చెప్పాడు. నేను మాత్రం ఇప్పటికీ తుడవలేదు. గారాబం కారుతూనే ఉంది మా ఇంట్లో.

రెండు రోజులు రాశాం. నేను వెనక బంపరు, ఆయన ముందుది. మా ఇంటిది వద్దన్నా వినకుండా పీట వేసుకుని కూచుని అద్దాల డిప్పలు తుడిచింది. ఆవుని మా తమ్ముడి పాకలో కట్టేశాం. అది ఆ రెండు రోజులూ అరుస్తూనే ఉంది. పని అయ్యాక కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగి చూశాం. తెల్లటి ఒంటికి కాటుక పెట్టినట్టుంది. బండి మారలేదు, కానీ ఎవరో పిలిస్తే ఇటు తిరిగిన మనిషిలా ఉంది. డ్రైవరు బావ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆఖరికి, "సిన్నప్పుడు ఇలగుండేదన్నమాట నువ్వు" అన్నాడు దానితో.

కమిటీ వచ్చిన రోజు నేనూ మా ఇంటిదీ ఆసుపత్రిలోనే ఉన్నాం, పరీక్షకి వచ్చాం. వరండా బల్ల మీద కూచున్నాం. నా గుండె గానుగలో పడినట్టుంది. కమిటీ పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చాడు. మెట్ల మీద ఆగాడు. "కొత్త బండి ఎప్పుడొచ్చింది?" అన్నాడు డాక్టరమ్మతో. డాక్టరమ్మ, "అదేనండి, పాతదే" అంది. ఆయన గ్లాసు అక్కడే పెట్టి మెట్లు దిగాడు. అయ్యో, దిగాడు! మా ఇంటిది నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు గుచ్చుకుంది.

ఆయన బంపరు మీద చెయ్యేసి, వేళ్ళు చూసుకున్నాడు. ఏమీ అంటలేదు. "ఏం పూశావయ్యా?" అన్నాడు.

డ్రైవరు బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వలిసె నూనండి. మొహానికి నూనె రాసినానంతే. బండి ముసలిదేనండి, అబద్దం సెప్పను. ముసలితనం ఎండ సేసిన పని. ఇంజను నా పని. మూత ఎత్తుతాను, సూడండి. కాదంటే కూకోండి, వీళ్ళ గూడేనికి తీసుకుపోతాను. మద్దిలో ఆగిపోతే మీరు బండిని దించుకుపోండి, నన్నూ దించుకుపోండి."

మా ఇంటిదాన్ని చూపించాడు అప్పుడు. "ఈవిడ నా సెల్లెలండి. శ్రావణంలో కాన్పు. ముందు రెండుసార్లూ డోలీలోనే దించారు, బిడ్డలు నిలవలేదు."

కమిటీ పెద్దాయన ఆవిడ వైపు చూశాడు. ముందు సీట్లో ఎక్కి కూచున్నాడు. మేము వెనక ఎక్కాం. మా గూడెం దాకా పోయి వచ్చాం, రాళ్ళ ఎక్కుడు, గెడ్డ, ఆ మీద ఎర్ర బురద వంపు, అన్నీ. దారంతా ఆయన పై పిడి వదల్లేదు. గూడెంలో బండి దిగి, కిందకి, వచ్చిన దారి వైపు చాలాసేపు చూశాడు. "ఈ దారిలో డోలీ మోస్తారా?" అన్నాడు నాతో. "మోస్తామండి" అన్నాను. మళ్ళీ ఎక్కి కూచున్నాక డ్రైవరు బావతో, "కొత్త బండి వచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటుంది" అన్నాడు. ఆ మాటకి మా ఇంటిది కళ్ళు తుడుచుకుంటుంటే, ముందు సీట్లోంచి బావ వెనక్కి తిరక్కుండానే, "ఏడిస్తే సీటు తడుస్తాది సెల్లీ, దానికి నూనె రాయడం నాకు రాదు" అన్నాడు.

అది ఇంకా అయిదారేళ్ళు మా కొండల్లో తిరిగింది. ఏడాదికి రెండుసార్లు, వలిసెలు గానుగాడించినప్పుడోసారి, వానలకి ముందోసారి, మా వాకిట్లోనే దానికి నూనె. అనంతగిరి నుంచీ అరకు స్టాండు నుంచీ జీపులవాళ్ళు ఆ నలుపు చూసి వచ్చి అడిగేవాళ్ళు. ఆయన దాచుకోలేదు. కూచోబెట్టి చెప్పేవాడు. తుడవమన్న చోట తుడవనివాళ్ళని మాత్రం, "మీ ఇంట్లో ఆవుందేటి?" అని అడిగేవాడు. వాళ్ళకి అర్థం కాక తెల్లమొహం వేసేవాళ్ళు. ఆసుపత్రికి కొత్త బండి వచ్చాక, ఈయనకీ వయసైపోయాక, అరకులో స్టేషను వెనక చిన్న గదిలో ఉండేవాడు. మా అమ్మాయి సెలవులకి మావ దగ్గరికి పోయి, ఆయన చేత జడ వేయించుకుని వచ్చేది. వంకర జడ. విప్పనిచ్చేది కాదు.

ఆయన్ని సాగనంపిన నాడు స్టాండులో జీపులన్నీ వెనకాల వచ్చాయి. పొద్దున్నే ఎవరు చెప్పారో ఏమో, అన్ని బండ్లనీ కడిగి, తుడిచి తెచ్చారు. ఒక్క బంపరు మీద దుమ్ము లేదు. మా అమ్మాయి ఏడవలేదు. మట్టి వేసేటప్పుడు మాత్రం వంగి, "మావా, నేను ఎనిమిదికి వెళ్తన్నాను" అంది. ఎనిమిదో క్లాసుకి. పాసయ్యావా అని ఆయన చివరిసారి అడిగినప్పుడు ఆ ఫలితాలు రాలేదు.

ఇక ఆ శ్రావణం సంగతి. అది చెప్పకపోతే ఇదంతా చెప్పి ప్రయోజనం లేదు.

పొద్దున్న నుంచే వాన. నొప్పులు మొదలయ్యాయి. కబురు పంపడానికి మనిషిని పరిగెత్తించాను. వాడు సగం దూరం పోయేసరికి బండి ఎదురొచ్చిందట. "రాత్రంతా వాన పడితే నాకు పడుకోబుద్ధి కాలేదు, వచ్చీసినాను" అన్నాడు డ్రైవరు బావ. వెనక సీట్లో గోనెలు, దుప్పట్లు పరిచి ఉన్నాయి. ఆవిడని ఎక్కించాం. గెడ్డ దగ్గరకొచ్చేసరికి నీళ్ళు ఎర్రగా, రాళ్ళ మీంచి దూకుతున్నాయి. ఆయన బండి ఆపి, దిగి, మోకాలు దాటే నీళ్ళలో కర్ర పొడుచుకుంటూ అవతలి ఒడ్డుదాకా నడిచాడు, మళ్ళీ వెనక్కి నడిచొచ్చాడు. తడిసి ముద్దైపోయి స్టీరింగు ముందు కూచున్నాడు.

"అన్నయ్యా, ఆపకు" అంది మా ఇంటిది వెనక నుంచి.

"ఆపనే. నువ్వు మాత్రం నా బండిలో కనకు. సీటు కవర్లు ఎవులుతుకుతారు?"

"నువ్వే ఉతుకు, నీ మేనకోడలే" అంది ఆవిడ పళ్ళ బిగువున. కోడలే అంది, ఆడపిల్లని ఎలా తెలిసిందో! నేను ఆవిడ నడుముకి చెయ్యానించి దేవుణ్ణి పిలుస్తున్నాను. బండి నీళ్ళలోకి దిగింది. ఒకచోట పక్కకి జారింది. నా కళ్ళ ముందు రెండు డోలీలు కనిపించాయి. ఇంజను మూలిగింది, నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టుకున్నాయి, ఎదురు గట్టు ఎక్కేసింది. ఆయన వెనక్కి చూడలేదు. మెడ నరాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

మధ్యాహ్నం దాటాక పుట్టింది. ఏడుపు తలుపు అవతల నుంచి వినబడితే లేచి తలుపు దగ్గరికి పరిగెత్తాను. నర్సమ్మ గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎంత వెచ్చగా ఉంది! ఎంత కోపంగా ఉంది! "బావా, రా, మేనమామవి, ఎత్తుకో" అన్నాను. ఆయన దగ్గరికొచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, మెడ ముందుకి చాపి చూశాడు. "బురద సేతులు. తరవాతెత్తుకుంటాను" అన్నాడు. "గూడెంలో అందరూ తలుపులు పట్టుకుని కూకునుంటారు. బేగి సెప్పాల" అని వానలోకి నడిచిపోయాడు.

మా కొండల్లో డోలీ తిరిగొచ్చేటప్పుడు మంచి కబురైతే మోసేవాళ్ళు దారి పొడుగునా కేకలేస్తూ వస్తారు. కేక లేకపోతే గూడేనికి అర్థమైపోతుంది, ఆడవాళ్ళు ముందే ఏడుపందుకుంటారు. మాకు రెండుసార్లు కేక లేని దారే. ఆయన పల్లం మనిషి, ఇది ఎవరు చెప్పారో, ఎప్పుడు విన్నాడో నాకు తెలీదు. నేను బిడ్డని పట్టుకుని వరండా చివర నిలబడ్డాను. వాన తగ్గి, కొండల మీద మబ్బు నడుము దాకా దిగి ఉంది. ఆసుపత్రి గేటు దాటుతుండగానే హారను మొదలైంది. పొడుగ్గా, ఆపకుండా. మొదటి వంపు దగ్గర ఒకసారి. చెట్ల వెనక నుంచి ఒకసారి. గెడ్డ హోరులో మునిగి, మళ్ళీ తేలి ఒకసారి. బండి కనబడడం మానేసింది. మబ్బులో ఎక్కడో, ఒక వంపు మీద ఇంకో వంపు, ఆ కేక మాత్రం ఎక్కుతూనే ఉంది, సన్నగా, ఇంకా సన్నగా. గుడ్డలోంచి ఒక చెయ్యి బయటికి తీసుకుని, నా కూతురు ఏడుపు ఆపి వింటోంది.